సర్ఫేస్ ఫిజిక్స్, మైక్రోసిస్టమ్స్ చదువు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్ఫేస్ ఫిజిక్స్ అంటే పదార్థాల పైపొర గురించిన శాస్త్రం. మైక్రోసిస్టమ్స్ (మెమ్స్) అంటే సిలికాన్ లాంటివాటితో చేసే అతిచిన్న యంత్రాలు, సెన్సర్లు. ఎం.ఎస్సీ ఫిజిక్స్ వాళ్ళూ, ఈసీఈ, మెకానికల్ బీటెక్ వాళ్ళూ ఈ రెండు సబ్జెక్టుల గురించి అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. ఫీజులు, పరీక్షల నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి అప్లై చేసేముందు ఆ ఏడాది నోటిఫికేషన్ తప్పకుండా చూడండి.

## చేరే ముందు

సర్ఫేస్ ఫిజిక్స్ అంటే ప్యూర్ సైన్స్, మైక్రోసిస్టమ్స్ అంటే ఇంజినీరింగ్ కదా. రెండింటికీ పొంతన ఏంటి?

వస్తువు చిన్నదయ్యేకొద్దీ లోపలి పదార్థం కన్నా పైపొరదే పెత్తనం అవుతుంది. సెంటీమీటరు ఘనాన్ని మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) ఘనంగా కుదిస్తే, ఘనపరిమాణంతో పోల్చినప్పుడు ఉపరితల వైశాల్యం 10,000 రెట్లు పెరుగుతుంది.

లెక్కేసి చూడండి. 100 మైక్రాన్ల పొడవు, 10 మైక్రాన్ల వెడల్పు, 2 మైక్రాన్ల మందం ఉన్న సిలికాన్ కాంటిలీవర్ (ఒక కొన మాత్రమే బిగించిన పట్టీ) బరువు సుమారు 4.6×10⁻¹¹ న్యూటన్లు. దాని కింద 2 మైక్రాన్ల సందులో నీళ్ళు మిగిలాయనుకోండి. ఆ నీటి తలతన్యత వల్ల సందులో పుట్టే పీడన వ్యత్యాసం 72,000 పాస్కల్స్. అది కాంటిలీవర్‌ని కిందికి లాగే బలం 72 మైక్రోన్యూటన్లు, అంటే దాని సొంత బరువుకి 15 లక్షల రెట్ల పైమాటే. ఆ బలానికి కొన 8 మైక్రాన్లు వంగాలి. ఉన్న సందు రెండే మైక్రాన్లు కాబట్టి కిందికి అంటుకుపోతుంది.

ప్రొజెక్టర్లలో వాడే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సూక్ష్మ దర్పణాల చిప్‌లో అద్దాలు అతుక్కుపోకుండా ఫ్లోరిన్ ఉన్న సేంద్రియ ఆమ్లపు పలుచని పొర వేసింది ఇందుకే. మైక్రోసిస్టమ్స్‌లో డిజైన్ తప్పుల కన్నా ఉపరితలం వల్ల వచ్చే తిప్పలే ఎక్కువ కాలం తినేస్తాయి. ఆ తిప్పల మూలం తెలిసినవాడికి అక్కడ విలువ ఉంటుంది.

నాది బీఎస్సీ ఎంపీసీ. బీటెక్ లేకుండా మైక్రోసిస్టమ్స్‌లోకి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. మామూలు దారి ఏంటంటే ఎం.ఎస్సీ ఫిజిక్స్, ఆ తర్వాత గేట్ ఫిజిక్స్ పేపర్ లేదా సీఎస్ఐఆర్ నెట్, ఆపైన ఎంటెక్ లేదా పీహెచ్‌డీ. ఐఐటీల్లో ఎం.ఎస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియా, కాకతీయ లాంటి వాటికి సీపీగెట్, ఆంధ్రా యూనివర్సిటీ, ఎస్వీయూ లాంటి వాటికి ఏపీ పీజీసెట్ రాయాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో బీఎస్సీ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ కూడా ఉంది.

ఎంటెక్ విషయంలో ఒక్కో ఐఐటీది ఒక్కో లెక్క. మైక్రోఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్ బ్రాంచీల్లో కొన్ని ఫిజిక్స్ పేపర్ స్కోరు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. బ్రోచర్‌లో అర్హతల పట్టిక చూడకుండా కోచింగ్‌కి డబ్బు కట్టకండి. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

ఎం.ఎస్సీలో సాలిడ్ స్టేట్ స్పెషలైజేషన్ ఉంటే అదే తీసుకోండి. సొంతంగా నేర్చుకోవలసింది సర్క్యూట్లు, పదార్థాల బలం. ముఖ్యంగా బీమ్ వంపు లెక్కలు రాకపోతే మెమ్స్ పేపర్ ఒక్కటీ అర్థం కాదు.

ఈసీఈ చేశాను. క్వాంటమ్ మెకానిక్స్ అంటే భయం. సర్ఫేస్ ఫిజిక్స్ అర్థమవుతుందా?

మొత్తం క్వాంటమ్ అక్కర్లేదు. శక్తి పట్టీలు, ఫెర్మి స్థాయి, వర్క్ ఫంక్షన్, టన్నెలింగ్, స్ఫటికంలో మిల్లర్ సూచికలు, రెసిప్రోకల్ లాటిస్ వస్తే చాలావరకు లాగించవచ్చు. ఈసీఈ వాళ్ళకి మొదటి రెండూ సెమీకండక్టర్ డివైసెస్ సబ్జెక్టులో ఎలాగూ వచ్చి ఉంటాయి. నిజంగా ఇబ్బంది పెట్టేది రెసిప్రోకల్ లాటిస్, అంటే డిఫ్రాక్షన్‌లో చుక్కలు ఎక్కడ పడతాయో చెప్పే గణిత జాలకం. అది రాకుండా ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ చిత్రం చూస్తే చుక్కలు తప్ప ఏమీ కనబడవు. చదరపు లాటిస్‌ని కాగితం మీద గీసి, 2×1 పునర్నిర్మాణానికి (పైపొర పరమాణువుల అమరిక ఒక దిశలో రెండింతల దూరానికి మళ్ళీ వచ్చేలా మారడానికి) అదనపు చుక్కలు ఎక్కడ వస్తాయో చేత్తో లెక్కగట్టండి. రెండు మూడు నమూనాలు అలా చేస్తే భయం పోతుంది.

జర్మనీలో మైక్రోసిస్టమ్స్ ఎంఎస్ బాగుంటుందంటారు. ఖర్చు, అర్హత ఎలా?

ఫ్రైబుర్గ్ యూనివర్సిటీలో మైక్రోసిస్టమ్స్ ఇంజినీరింగ్ ఇంగ్లిష్‌లోనే చెప్తారు. నాలుగు సెమిస్టర్లు, 120 క్రెడిట్లు. కెమ్నిట్స్‌లో మైక్రో అండ్ నానో సిస్టమ్స్ ఉంది. ఫ్రైబుర్గ్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు 2017 శీతాకాల సెమిస్టర్ నుంచి సెమిస్టరుకి 1,500 యూరోల ట్యూషన్ ఉంది. "జర్మనీలో చదువు ఉచితం" అనే ఏజెంట్ ఈ సంగతి చెప్పడు.

వీసాకి బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చులకి ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది నెలకి 992 లెక్కన ఏడాదికి 11,904 యూరోలు. మన దేశంలో చదివినవాళ్ళకి ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మన్ ఎంబసీ విభాగం ఇచ్చేది) తప్పనిసరి. దానికి వారాలు పడుతుంది కాబట్టి అడ్మిషన్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు.

అక్కడ చూసేది మొత్తం శాతం ఒక్కటే కాదు. గణితం, ఎలక్ట్రానిక్స్, మెకానిక్స్, మెటీరియల్స్‌లో ఎన్ని క్రెడిట్లు చదివారో విడివిడిగా లెక్కేస్తారు. మూడేళ్ళ బీఎస్సీతో కొన్నిచోట్ల అక్కడే ఆగిపోతారు. సిలబస్ కాపీలు యూనివర్సిటీ ముద్రతో ముందే తీసి ఉంచుకోండి.

## వాక్యూమ్ ల్యాబ్‌లో

అల్ట్రా హై వాక్యూమ్ అంత అవసరమా? మామూలు వాక్యూమ్ సరిపోదా?

శుభ్రమైన ఉపరితలం శుభ్రంగా ఎంతసేపు ఉంటుందన్నదే అసలు ప్రశ్న. 10⁻⁶ టార్ (టార్ అంటే పీడనపు కొలత) దగ్గర, తగిలిన ప్రతి అణువూ అతుక్కుంటుందనుకుంటే, ఒక్క సెకనులో పూర్తి పొర ఏర్పడుతుంది. అదే 10⁻¹⁰ దగ్గర 10,000 సెకన్లు, అంటే రెండున్నర గంటల పైన దొరుకుతుంది. ప్రయోగం ఆ వ్యవధిలో అయిపోవాలి. గాలిలో తయారైన డివైస్ పైపొరను పరీక్షించడానికి మాత్రం అంత పట్టింపు అక్కర్లేదు. దాని మీద మలినం ఎలాగూ ఉంది.

ఛాంబర్‌ని బేక్ చేశాక (వేడి చేసి గోడల్లోని నీళ్ళు, వాయువులు వదిలించాక) కూడా ప్రెషర్ 10⁻⁸ టార్ దగ్గరే ఆగిపోయింది. లీకేనా?

ముందు రెసిడ్యువల్ గ్యాస్ ఎనలైజర్ (లోపల మిగిలిన వాయువులేంటో అణువుల ద్రవ్యరాశిని బట్టి చెప్పే పరికరం) చూడండి. ద్రవ్యరాశి 18 పెద్దగా ఉంటే అది నీళ్ళు, బేకింగ్ చాలలేదు. 2 పెద్దగా ఉంటే హైడ్రోజన్. బాగా బేక్ అయిన స్టీల్ ఛాంబర్‌లో అది మామూలే. 28, 32 సుమారు నాలుగుకి ఒకటి చొప్పున, వాటితో పాటు 14, 40 కూడా ఉంటే గాలి లోపలికి వస్తోంది. 32 కనబడలేదని లీక్ లేదనుకోకండి. వేడి ఫిలమెంట్లు, టైటానియం పంపు ఆక్సిజన్‌ని మింగేస్తాయి. 40 దగ్గర ఆర్గాన్ ఉందంటే మాత్రం నమ్మొచ్చు.

ఎనలైజర్ లేకపోతే పంపు వాల్వ్ మూసి, ప్రెషర్ ఎలా పెరుగుతుందో గ్రాఫ్ గీయండి. తిన్నని గీతలా పెరుగుతూ పోతే లీక్. వంపు తిరిగి నెమ్మదిస్తే గోడల నుంచి వచ్చే వాయువు.

లీక్ ఎక్కడో తేల్చడానికి హీలియం చల్లేటప్పుడు పైనుంచి కిందికి రండి. హీలియం తేలిక, పైకి పోతుంది. కిందినుంచి మొదలుపెడితే పై ఫ్లాంజ్‌లో ఉన్న లీక్‌ని కింది ఫ్లాంజ్‌కి అంటగడతారు. హీలియంకి స్పందన లేకపోతే లోపలి సంగతులు అనుమానించండి. అవతలి వైపు తెరుచుకోని రంధ్రంలో బిగించిన మామూలు స్క్రూ కింద గాలి చిక్కుకుని రోజుల తరబడి కారుతుంది. దానికి మధ్యలో రంధ్రమున్న స్క్రూలే వాడాలి. లోపల ఇత్తడి ముక్క గానీ కాడ్మియం పూత ఉన్న నట్టు గానీ ఉంటే బేకింగ్‌లో జింక్, కాడ్మియం ఆవిరై ఛాంబరంతా పూత పూస్తాయి. రాగి గాస్కెట్ ఒక్కసారికే. పాతది తిరగేసి వాడటం మన ల్యాబుల్లో ఉన్న అలవాటే గానీ, ఆదా అయ్యేది వందలు, పోయేది వారం.

బేకింగ్ సరిగ్గా ఎలా చేయాలి?

స్టీల్ ఛాంబర్‌కి 120 నుంచి 150 డిగ్రీల సెల్సియస్, 24 నుంచి 48 గంటలు. వైటాన్ రబ్బరు సీల్ ఉన్న వాల్వ్ ఎంత వేడి తట్టుకుంటుందో దాని మీద చూసుకుని అక్కడే ఆగండి. అద్దపు కిటికీలకు రెండు మూడు పొరల అల్యూమినియం ఫాయిల్ చుట్టకపోతే ఒకవైపే వేడెక్కి పగులుతాయి. హీటింగ్ టేపు దానిమీద అదే దాటకుండా చుట్టాలి, దాటినచోట కాలిపోతుంది. ఛాంబర్ ఇంకా 80, 100 డిగ్రీల మధ్య ఉండగానే గేజ్, ఎలక్ట్రాన్ గన్, శాంపిల్ హోల్డర్ ఫిలమెంట్లన్నీ వెలిగించి డీగ్యాస్ చేయండి. పూర్తిగా చల్లారాక చేస్తే వాటిలోని మురికి శుభ్రమైన గోడలకి పడుతుంది.

సిలికాన్ 7×7 (శుభ్రమైన పైపొర పరమాణువులు ఏడింతల దూరానికి మళ్ళీ వచ్చే అమరిక) రావట్లేదు. ఫ్లాష్ (కొన్ని సెకన్ల పాటు బాగా వేడి చేయడం) 1200 డిగ్రీలకే చేస్తున్నాను.

ఉష్ణోగ్రత కన్నా చిమటాని అనుమానించండి. స్టెయిన్‌లెస్ స్టీల్ చిమటాతో పట్టుకుంటే నికెల్ అంటుతుంది. వేడి చేసినప్పుడు అది సిలికాన్‌లోకి పాకి, చల్లారేటప్పుడు పైకి వచ్చి వేరే నమూనా చూపిస్తుంది. ఆ ముక్క ఇక ఎంత ఫ్లాష్ చేసినా బాగుపడదు, పారేయండి. పట్టుకోవడానికి సిరామిక్ లేదా ప్లాస్టిక్, హోల్డర్‌కి టాంటలం లేదా మాలిబ్డినం వాడండి.

ముక్క మంచిదైతే వరస ఇది: 600 డిగ్రీల దగ్గర రాత్రంతా డీగ్యాస్, తర్వాత 1200కి కొన్ని సెకన్ల ఫ్లాష్‌లు, ప్రతి ఫ్లాష్‌లో ప్రెషర్ 10⁻⁹ దాటకుండా. చివరి ఫ్లాష్ తర్వాత 900 దాకా త్వరగా దించి, అక్కడి నుంచి నెమ్మదిగా చల్లార్చండి. 7×7 అమరిక ఏర్పడేది 860 డిగ్రీల చుట్టుపక్కల. ఆ దశను ఒక్క ఉదుటున దాటేస్తే అమరిక ముక్కలు ముక్కలుగా వస్తుంది. బిన్నిగ్, రోరర్ బృందం 1983లో టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో చూపించింది ఈ ఉపరితలాన్నే. 1986 నోబెల్‌లో వాళ్ళిద్దరికీ వాటా వచ్చింది.

ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రే తగిలి వెలువడే ఎలక్ట్రాన్ల శక్తిని బట్టి పైపొరలో ఏ మూలకాలున్నాయో చెప్పే పద్ధతిలో) ఏ శాంపిల్ పెట్టినా కార్బన్ పీక్ వస్తోంది. శాంపిల్ పాడైందా?

లేదు. గాలి తగిలిన ప్రతి ఉపరితలం మీదా హైడ్రోకార్బన్ పొర పడుతుంది. అల్యూమినియం ఎక్స్‌రే మూలంతో, అంటే 1486.6 ఎలక్ట్రాన్ వోల్టులతో, సంకేతం దాదాపుగా పైనున్న 10 నానోమీటర్ల లోపు నుంచే వస్తుంది. అందుకే ఒక నానోమీటరు మురికి కూడా కొండలా కనబడుతుంది.

ఆ పీక్‌ని 284.8 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పెట్టి మిగతావన్నీ జరపడం అందరూ చేస్తారు. ఇన్సులేటర్లకి అదే దిక్కు. వాహక శాంపిల్‌కి మాత్రం పక్కన బంగారం ముక్క పెట్టి 84.0 దగ్గర సరిచూడటం నయం. సిలికాన్ అయితే 99.3 దగ్గర మూలకం, 103 పైన ఆక్సైడ్ రావాలి. రెండింటి మధ్య దూరం సరిపోతే స్కేలు నమ్మొచ్చు.

కార్బన్ పోగొట్టాలని ఆర్గాన్ అయాన్లతో చెక్కేముందు ఆలోచించండి. టైటానియం డయాక్సైడ్ లాంటివాటిలో ఆక్సిజన్ ముందు పోయి టైటానియం క్షయకరణం చెందుతుంది. ఆ కొత్త పీక్ మీ డివైస్‌ది కాదు, అయాన్ గన్ పుట్టించింది. వైవాలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే.

## క్లీన్‌రూమ్‌లో

మా కాలేజీలో క్లీన్‌రూమ్ లేదు. ఎక్కడ నేర్చుకోవాలి?

కేంద్ర ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ డబ్బిచ్చే ఐఎన్‌యూపీ పథకం ఇలాంటివాళ్ళ కోసమే. 2008లో ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేలతో మొదలై తర్వాత మరికొన్ని ఐఐటీలకి విస్తరించింది. ముందు పరిచయ వర్క్‌షాప్, తర్వాత చేత్తో చేసే శిక్షణ, ఆపైన మీ సొంత ప్రతిపాదన. ప్రతిపాదనలో ఐడియా కన్నా ప్రాసెస్ ఫ్లో ముఖ్యం: ఎన్ని మాస్కులు, ఏ పొర ఎంత మందం, ఏ దశ తర్వాత ఏం కొలుస్తారు. "నానో సెన్సర్ చేయాలనుకుంటున్నాను" అని రాస్తే పక్కన పెట్టేస్తారు.

పరికరం వాడుకోవడమే కావాలంటే ఐ-స్టెమ్ పోర్టల్‌లో (దేశంలోని పరిశోధన పరికరాలను బయటివాళ్ళు బుక్ చేసుకునే సైట్‌లో) వెతకండి. ఫోటోఎమిషన్‌కి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి బలమైన ఎక్స్‌రే పుట్టించే యంత్రం) కావాలంటే ఇండోర్‌లోని ఇండస్ వలయాలు ఉన్నాయి.

500 మైక్రాన్ల వేఫర్‌లో (సిలికాన్ పలకలో) 1 మిల్లీమీటరు మెంబ్రేన్ (పలుచని పొర) కావాలి. మాస్క్ ఓపెనింగ్ ఎంత పెట్టాలి?

పైతలం మిల్లర్ సూచిక (100) అయిన వేఫర్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్ చెక్కే గోడలు 54.74 డిగ్రీల వాలుతో దిగుతాయి. కాబట్టి మాస్క్ ఓపెనింగ్ = మెంబ్రేన్ పక్క + 1.414 × చెక్కే లోతు. 20 మైక్రాన్ల మెంబ్రేన్ మిగలాలంటే లోతు 480, అదనం 679, ఓపెనింగ్ 1,679 మైక్రాన్లు.

30 శాతం ద్రావణం, 80 డిగ్రీల దగ్గర వేగం నిమిషానికి మైక్రాన్ చుట్టుపక్కల, అంటే ఎనిమిది గంటల పని. అంతసేపు ఆక్సైడ్ మాస్క్ నిలవదు, రెండు మైక్రాన్లకు పైనే కరిగిపోతుంది. ఎల్‌పీసీవీడీతో (తక్కువ పీడనంలో వాయువుల నుంచి పొర పెట్టే పద్ధతితో) వేసిన సిలికాన్ నైట్రైడ్ 100 నుంచి 200 నానోమీటర్లు ఉంటే చాలు. గిన్నె మూత సరిగ్గా లేకపోతే నీళ్ళు ఆవిరై గాఢత మారి, మీ లెక్క తప్పుతుంది. మాస్క్‌ని వేఫర్ ఫ్లాట్‌కి ఒక డిగ్రీ తేడాతో అమర్చినా పక్కలు లోపలికి తినేస్తాయి, మెంబ్రేన్ అనుకున్నదానికన్నా పెద్దదవుతుంది. ఇక పొటాషియం అంటిన వేఫర్‌ని శుభ్రం చేయకుండా ఆక్సిడేషన్ ఫర్నేస్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి ఆపరేటర్ లోపలికి రానివ్వడు. అతని తప్పేం లేదు.

నిలువు గోడలు కావాలంటే?

బాష్ ప్రాసెస్. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌తో కొన్ని సెకన్లు చెక్కడం, తర్వాత సీ4ఎఫ్8 వాయువుతో గోడకి పాలిమర్ పూత, మళ్ళీ చెక్కడం. గోడ మీద అలల్లాంటి గీతలు తప్పవు. సైకిల్ సమయం తగ్గిస్తే అవి తగ్గుతాయి, వేగమూ తగ్గుతుంది. సన్నని కందకం వెడల్పు కందకం కన్నా నెమ్మదిగా దిగుతుందన్నది లేఅవుట్‌లోనే గుర్తుంచుకోండి.

బీముల కింద ఉన్న ఆక్సైడ్ పొరని తీసేశాక అవన్నీ కిందికి అతుక్కుపోయాయి. ఏం చేయాలి?

అతుక్కున్నవాటిని విడదీయడం దాదాపు వృథా. తర్వాతి బ్యాచ్‌ని కాపాడండి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నుంచి తీశాక ఒక్క క్షణం కూడా ఆరనివ్వకుండా నీళ్ళలోకి, నీళ్ళ నుంచి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లోకి మార్చాలి. నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లైతే ఆల్కహాల్‌ది 22 చుట్టుపక్కల. పొట్టి, మందపు బీములకి ఆ తేడా చాలు. పొడవైనవాటికి క్రిటికల్ పాయింట్ డ్రైయర్ కావాలి. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీలు, 74 బార్ దాటితే ద్రవానికీ వాయువుకీ మధ్య హద్దే ఉండదు, లాగడానికి తలతన్యతా ఉండదు. డ్రైయర్‌లో ఆల్కహాల్ పూర్తిగా తొలగకముందే వేడి చేస్తే మళ్ళీ అతుక్కుంటాయి. ప్రక్షాళన చక్రాలు తగ్గించవద్దు.

డిజైన్‌లోనే అడుగున చిన్న బొడిపెలు పెట్టి తాకే వైశాల్యం తగ్గించవచ్చు. ఆరాక వాడకంలో అతుక్కోవడం వేరే జబ్బు. దానికి సైలేన్ లాంటి నీటిని వికర్షించే ఏకపొర వేయాలి.

పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) గాజుకి అతకట్లేదు. ప్లాస్మా ఎక్కువసేపు పెట్టినా లాభం లేదు.

ఎక్కువసేపు పెట్టడమే తప్పు కావచ్చు. అతిగా పెడితే పైన పెళుసు సిలికా పొర ఏర్పడి పగుళ్ళు వస్తాయి. 30 సెకన్ల దగ్గర మొదలుపెట్టి, ముక్క మీద నీటి చుక్క వేసి చూడండి. చుక్క పరుచుకుపోతే సరిపోయింది. బయటికి తీసిన నిమిషంలోపే అంటించి, 80 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పదినిమిషాలు ఉంచండి. ఆలస్యమైతే లోపలి పొట్టి గొలుసులు పైకి పాకి ఉపరితలం మళ్ళీ నీటిని వికర్షిస్తుంది. బేస్, క్యూరింగ్ ఏజెంట్ బరువుల నిష్పత్తి 10:1 తప్పినా, గాజు మీద వేలిముద్ర ఉన్నా ఇదే ఫలితం.

హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నిజంగా అంత ప్రమాదమా?

అవును. పలుచని ద్రావణం పడితే నొప్పి గంటల తర్వాత గానీ తెలియదు. ఈలోగా ఫ్లోరైడ్ లోపలికి పోయి రక్తంలో కాల్షియంని పట్టేస్తుంది. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే చోట ఉందో, గడువు తీరిపోయిందో చూసుకోకుండా పని మొదలుపెట్టకండి. పడితే ఐదు నిమిషాలు నీళ్ళ కింద కడిగి, జెల్ రాస్తూ ఆస్పత్రికి వెళ్ళాలి. ఏ ఆమ్లం పడిందో డాక్టరుకి పేరుతో చెప్పాలి. గాజు బీకరు వాడకూడదు, అది గాజుని తినేస్తుంది. ఒంటరిగా అసలే చేయకూడదు.

## చదువు అయ్యాక

సీవీలో పరికరాల పేర్లన్నీ రాయొచ్చా?

శాంపిల్ పంపి గ్రాఫ్ తెప్పించుకున్న పరికరాన్ని "వచ్చు" అని రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. "20 మైక్రాన్ల మెంబ్రేన్, మందంలో ఇంత తేడా, వేఫర్‌కి ఇన్ని బతికాయి, మిగతావి పోవడానికి కారణం ఇది" అనే ఒక్క వాక్యం పది పేర్ల కన్నా నయం. పోయినవాటి కారణం చెప్పగలిగినవాళ్ళనే ప్రాసెస్ ఉద్యోగాలకి తీసుకుంటారు.

ఇక్కడే ఉద్యోగాలు ఉన్నాయా, బయటికి పోవలసిందేనా?

హైదరాబాద్‌లో చిప్ ఉద్యోగం అంటే ఎక్కువగా డిజైన్, వెరిఫికేషన్. ఫ్యాబ్రికేషన్ తక్కువే. గాలియం ఆర్సెనైడ్ ఫౌండ్రీ గేటెక్, బాలాపూర్‌లో పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, డీఆర్‌డీవో ల్యాబులు ఉన్నాయి. మొహాలీలో సెమీకండక్టర్ లాబొరేటరీ, బెంగళూరులో సితార్ ప్రభుత్వ రంగంలోవి. గుజరాత్‌లో ధోలేరా ఫ్యాబ్, సాణంద్ ప్యాకేజింగ్ ప్లాంట్ల లాంటివాటిలో ప్రాసెస్, ఫెయిల్యూర్ ఎనాలిసిస్ మనుషులు కావాలి. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కి కూడా ఒక ప్యాకేజింగ్ యూనిట్‌ని కేంద్రం ఆమోదించింది. బెంగళూరులోని ఫ్యాబ్ పరికరాల కంపెనీలు ఫిజిక్స్ వాళ్ళని తీసుకుంటాయి, వాక్యూమ్, ప్లాస్మా వచ్చినవాళ్ళకి అవే దగ్గరి దారి. మొదటి జీతం డిజైన్ వాళ్ళకన్నా తక్కువగా ఉండే అవకాశమే ఎక్కువని తెలిసి రండి.

పీహెచ్‌డీ తప్పనిసరా?

ప్రాసెస్ ఇంజినీర్‌కి అక్కర్లేదు. ఎంటెక్, దానితోపాటు క్లీన్‌రూమ్ అనుభవం చాలు. కొత్త పదార్థం, కొత్త సెన్సర్ మీద పరిశోధన చేయాలంటే కావాలి. పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పేపర్ల సంఖ్య కన్నా ముందు అడగవలసినవి: ఛాంబర్ చివరిసారి ఎప్పుడు 10⁻¹⁰కి దిగింది, పంపు చెడిపోతే బాగుచేయించే డబ్బు ఏ ప్రాజెక్టులో ఉంది, క్లీన్‌రూమ్ గంటలకి ఎవరు కడతారు. ఇవి ఆ ల్యాబ్‌లో మూడో ఏడు చదువుతున్నవాళ్ళని అడిగితే సూటిగా చెప్తారు.